లైట్ కింద పెంచిన మొక్క, కోసిన ఆకు, మూసిన సీసా: ఈ నెల మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో ఉన్నాయండీ. ఎండ సరిగ్గా రాని గదిలో లైట్ పెట్టి ఆకు మొక్కలు పెంచడం ఎలా, పెరిగాక ఎప్పుడు కొయ్యాలి, కోసినవి పాడవకుండా ఎలా ఆరబెట్టాలి, ఇవే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఈసారి వీటికే టైమ్ ఇస్తున్నా. చాలామంది ఇంకేం ఎరువు వెయ్యాలి అని అడిగారు కానీ ఉత్తరాలన్నీ చదివితే నాకనిపించింది ఒకటే, మొక్కలు ఆకలితో పోవట్లేదు, వెలుతురు చాలక, నీళ్ళు ఎక్కువై పోతున్నాయి. కష్టపడి బతికించుకున్నవేమో ఆరబెట్టే దగ్గర పాడవుతున్నాయి.

ప్రశ్న: కిటికీ పక్కన ట్రేలో బేసిల్ విత్తనాలు వేశానండీ, వారంలో బాగా మొలిచాయి, తర్వాత సన్నగా దారాల్లా పొడుగు సాగిపోయి ఒక పక్కకి వాలిపోతున్నాయి. గదిలో వెలుతురు బాగానే ఉంటుంది. విత్తనం లోపమా?

జవాబు: విత్తనం లోపం కాదండీ, మన కన్ను చేసే మోసం. గదిలోకి రాగానే కంటిపాప పెద్దదయ్యి ఉన్న వెలుతురే బోలెడంత అనిపిస్తుంది, కానీ మొక్కకి ఆ సౌకర్యం లేదు. బయట మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండ దాదాపు 1,00,000 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటుంది, మనకి హాయిగా అనిపించే గదిలో 200 నుంచి 500 లక్స్ ఉంటే గొప్ప. కిటికీ గట్టు మీద పర్లేదు కానీ అక్కణ్ణుంచి రెండడుగులు లోపలికి జరిగితే చాలు, వెలుతురు అమాంతం పడిపోతుంది. మొలకకి ఆ కొంచెం వెలుతురు చూస్తే నేను ఇంకా మట్టి కిందో, ఏదో పెద్ద మొక్క నీడలోనో ఉన్నాను, గబగబా పైకి వెళ్ళాలి అనిపిస్తుంది అన్నమాట, అందుకే ఉన్న శక్తినంతా కాడ పొడుగు చెయ్యడానికే పెట్టేస్తుంది, ఆకు పెంచదు, కాడ లావెక్కదు.

చెయ్యాల్సింది ఏంటంటే మామూలు తెల్ల ఎల్‌ఈడీ అయినా సరే మొలకలకి 15 నుంచి 30 సెంటీమీటర్ల దగ్గరికి తీసుకురండి, టైమర్ పెట్టి రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించండి, మిగతా టైమ్ చీకటి ఉంచండి. పక్కనే చిన్న ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, గాలికి కాడ అటూ ఇటూ ఊగితేనే గట్టిపడుతుంది. ఇప్పటికే సాగినవాటిని పారేయకండి, బేసిల్ కాడ మట్టి తగిలిన చోట వేళ్ళు వేస్తుంది కాబట్టి వేరే కుండీలోకి మార్చేటప్పుడు మొదటి గుండ్రటి జంట ఆకుల కింద దాకా లోతుగా నాటండి, కోలుకుంటాయి.

ఒక్క విషయం మాత్రం దగ్గరగా కూర్చుని చూడండి. కాడ మొత్తం సన్నగా ఉండి వాలితే అది వెలుతురు సమస్య. అలా కాకుండా పైన బాగానే ఉండి, సరిగ్గా మట్టిని తాకే చోట మాత్రం నీళ్ళలో నానినట్టు గోధుమ రంగుకి తిరిగి, దారంతో బిగించి కట్టినట్టు నొక్కుకుపోయి పడిపోతుంటే అది నారుకుళ్ళు. దానికి లైట్ మందు కాదు. పడిపోయినవి బతకవు, వాటిని మట్టితో సహా తీసేసి, మిగతావాటికి పైన మూత ఉంటే తీసేసి, మట్టి పైపొర ఆరేదాకా నీళ్ళు ఆపండి. మళ్ళీ వేసేటప్పుడు ట్రే కడిగి, కొత్త మట్టి వాడండి.

ప్రశ్న: గ్రో లైట్ కొందామని చూస్తే ఒకదాని డబ్బా మీద 1000 వాట్లు అని, ఇంకోదాని మీద 100 వాట్లు అని ఉంది, సైజు చూస్తే రెండూ ఒకటే. ఇంకా కొన్ని ఊదా రంగువి, కొన్ని తెల్లవి. ఏది కొనాలి? కరెంటు బిల్లు ఎంత వస్తుందో కూడా చెప్పండి.

జవాబు: డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకెని నమ్మకండి. అది చాలాసార్లు పాతరకం బల్బుతో పోలిక చెప్పే అంకె, లేదా లోపలున్న చిన్న చిన్న దీపాల కెపాసిటీ అంతా కలిపి రాసిన అంకె, నిజంగా గోడ ప్లగ్గులోంచి లాగేది అందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. వెనకాల చిన్న అక్షరాల్లో ఎక్కడో అసలు వాడకం ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అది చూడండి. ల్యూమెన్ అనేది మనిషి కంటికి ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే లెక్క, మొక్కకి కావాల్సింది వేరు, ఆకు మీద సెకనుకి ఎన్ని కాంతి కణాలు పడుతున్నాయి అనేది, దాన్ని పీపీఎఫ్‌డీ అంటారు. మంచి తయారీదార్లు ఎంత ఎత్తులో ఎంత పీపీఎఫ్‌డీ వస్తుందో పటం వేసి ఇస్తారు. ఆకు మొక్కలకి ఆ పీపీఎఫ్‌డీ 200 మైక్రోమోల్స్ (చదరపు మీటర్‌కి, సెకనుకి) దగ్గర ఉంటే చాలు, అది రోజుకి 16 గంటలు పడితే మొత్తం సుమారు 11.5 మోల్స్ అవుతుంది, మోల్ అంటే కాంతి కణాల్ని లెక్కపెట్టే కొలత, పుదీనా, బేసిల్ లాంటివి దాంతో చక్కగా పెరుగుతాయి. మిర్చి లాగ కాయ కాసేవాటికి ఇంకా ఎక్కువ కావాలి.

రంగు సంగతి. పత్రహరితం ఎరుపు, నీలం ఎక్కువ పీల్చుకుంటుంది, ఆకుపచ్చని కొంత వెనక్కి కొట్టేస్తుంది, అందుకే ఎరుపూ నీలం మాత్రమే కలిపిన ఊదా లైట్లు వచ్చాయి. అలాగని ఆకుపచ్చ కాంతి పూర్తిగా వేస్ట్ కాదు, అది ఆకు లోపలి పొరల్లోకి, కింది ఆకుల్లోకి ఎక్కువగా దిగుతుంది. నా మాట వింటే తెల్లదే తీసుకోండి. కారణం మొక్క కాదు, మీరు. ఊదా వెలుతురులో ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి, పసుపు మచ్చ వచ్చినా, పురుగు కూర్చున్నా తెలీదు, రోజూ చూసే మనిషికి మొక్క అసలు రంగు కనపడాలి. అసలు తెల్ల ఎల్‌ఈడీ అనేది నీలం ఎల్‌ఈడీ వచ్చాకే సాధ్యమయింది, ఆ నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకే 2014లో అకసాకి, అమనో, నకమురా ముగ్గురికీ ఫిజిక్స్‌లో నోబెల్ ఇచ్చారు. మనం గదిలో కూర్చుని ఆకులు కోసుకుంటున్నామంటే వాళ్ళ పుణ్యమే.

కరెంటు లెక్క చాలా సింపుల్. అసలు వాట్లని గంటలతో గుణించి 1000తో భాగిస్తే రోజుకి ఎన్ని యూనిట్లో వస్తుంది. 40 వాట్ల లైట్ 16 గంటలు వెలిగితే 0.64 యూనిట్, నెలకి 19 యూనిట్ల పైన. మీ బిల్లులో యూనిట్ రేటుతో గుణించుకోండి. ఇంకో మాట, 24 గంటలూ వెలిగిస్తే రెట్టింపు పెరుగుతుందని కొంతమంది అలాగే వదిలేస్తున్నారు, వద్దు. టొమాటో లాంటి మొక్కలకి చీకటి అస్సలు లేకపోతే ఆకులు పాలిపోయి దెబ్బ తింటాయి. లైట్ మరీ దగ్గరైనా పైచిగుళ్ళు తెల్లబడతాయి, అప్పుడు కాస్త పైకి జరపండి.

ప్రశ్న: పుదీనాకి రోజూ పొద్దున, సాయంత్రం నీళ్ళు పోస్తున్నా, అయినా ఆకులు పసుపుపచ్చగా అయి రాలుతున్నాయి. మట్టి మీద సన్నటి నల్ల దోమలు కూడా ఎగురుతున్నాయి. ఎరువు తక్కువైందా?

జవాబు: మీరు ప్రేమగా పోస్తున్న ఆ నీళ్ళే సమస్యండీ. వేళ్ళకి నీళ్ళు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం, మట్టిలో రేణువుల మధ్య ఖాళీలు ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటే వేరుకి ఊపిరాడదు, కుళ్ళు మొదలవుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు, ఇక పైన మొక్క దాహంతో ఉన్నట్టే వాడుతుంది, అది చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. గదిలో ఎండ లేదు, గాలి తక్కువ, బయట ఒక్కరోజులో ఆరే కుండీ లోపల నాలుగైదు రోజులు తడిగానే ఉంటుంది.

వేలు పెట్టి చూడమని అందరూ చెప్తారు, అది మంచిదే, నేను మాత్రం కుండీ ఎత్తి చూస్తా. నిండా నీళ్ళు పోసి కిందనించి కారడం ఆగాక ఒకసారి రెండు చేతులతో ఎత్తి ఆ బరువు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ రోజూ ఎత్తి చూడండి. ఖాళీ డబ్బా ఎత్తినట్టు తేలిగ్గా అనిపించిన రోజున పోయండి, పోసినప్పుడు మాత్రం కింద చిల్లుల్లోంచి బయటకి వచ్చేదాకా పోసి, ప్లేట్‌లో నిలిచిన నీళ్ళు పారబోయండి. వారం తిరిగేసరికి చేతికే లెక్క తెలిసిపోతుంది.

ఆ నల్ల దోమల్ని ఫంగస్ న్యాట్స్ అంటారు, వాటి పిల్లలు మట్టి పైన రెండు మూడు సెంటీమీటర్ల తడిలోనే బతుకుతాయి. పైపొర బాగా ఆరనిస్తే సగం తగ్గిపోతాయి. ఎగిరేవాటికి పసుపు రంగు జిగురు కార్డు మట్టికి దగ్గరగా గుచ్చండి. అప్పటికీ పోకపోతే బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి దొరుకుతుంది, నీళ్ళలో కలిపి పోస్తే మట్టిలో పిల్ల పురుగుల్ని చంపుతుంది, మనకి హాని లేదు.

ఎరువు విషయానికొస్తే ఏ ఆకు పసుపు అవుతుందో చూడండి. కింద ముసలి ఆకులు ముందు పాలిపోతే నత్రజని తక్కువ, ఎందుకంటే మొక్క పాత ఆకులోంచి తీసి కొత్త చిగురుకి పంపుకుంటుంది. పైన కొత్త ఆకులే పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు, అది చాలాసార్లు మట్టి పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) ఎక్కువైనందువల్ల, 6 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొక్కులాగ కడితే అది ఉప్పు, ఎరువు ఎక్కువైందని గుర్తు, మామూలు నీళ్ళు ధారాళంగా పోసి కిందకి కడిగెయ్యాలి. కానీ మీ విషయంలో ముందు నీళ్ళు తగ్గించండి, పదిరోజులు ఆగండి, ఎరువు మాట తర్వాత.

ప్రశ్న: బాగా ఏపుగా రావాలని కొత్తిమీరకి 18 గంటలు లైట్ పెట్టా. నాలుగు ఆకులు కోశానో లేదో, సన్నటి ఆకులొచ్చి పూతకి వచ్చేసింది. లైట్ ఎక్కువ ఉంటే మంచిదే కదా?

జవాబు: కొన్ని మొక్కలకి లైట్ అంటే తిండి మాత్రమే కాదు, క్యాలెండర్ కూడా. పగలు ఎంత పొడుగుందో, రాత్రి ఎంతసేపుందో కొలుచుకుని ఇది ఏ కాలమో తేల్చుకుంటాయి. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు మేరీల్యాండ్ మమ్మోత్ అనే పొగాకు రకం మీద దీన్ని పట్టుకున్నారు. అది వేసవంతా మనిషిని మించి పెరిగేది కానీ పూసేది కాదు, రోజులో కొన్ని గంటలు చీకట్లో పెట్టి పగటిని చిన్నది చేస్తే మాత్రం పూసింది. ఎరువూ కాదు, వయసూ కాదు, పగటి పొడవు. నాకు ఈ ప్రయోగం చదివినప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది, ఏ మీటరూ లేకుండా ఒక ఆకు రాత్రిని కొలవడం ఏంటండీ అసలు!

తర్వాత తెలిసిందేంటంటే మొక్క ముఖ్యంగా కొలిచేది రాత్రిని. చేమంతి లాంటి పొట్టి పగలు కోరేవి పూతకి రావాలంటే రాత్రి తెగకుండా పొడుగ్గా ఉండాలి, మధ్యలో కాసేపు లైట్ వేసినా ఆ రాత్రి లెక్కలోంచి పోతుంది. కొత్తిమీర, పాలకూర దానికి రివర్స్, పగలు పొడుగైతే ఇక మన టైమ్ అయిపోయింది, విత్తనం వేసెయ్యాలి అనుకుంటాయి, వేడి తోడైతే ఇంకా తొందర. అందుకని కొత్తిమీరకి 12 గంటల దగ్గరే ఆపండి, గది కాస్త చల్లగా ఉన్న మూల పెట్టండి, ఒకేసారి మొత్తం వెయ్యకుండా రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెం వేసుకుంటూ వెళ్ళండి. పూతకొచ్చినదాన్ని వెనక్కి తిప్పలేం, దాన్ని అలాగే వదిలేస్తే ధనియాలు వస్తాయి.

ప్రశ్న: కొన్ని దేశాల్లో గంజాయి మొక్కని ఇంట్లో లైట్ కింద పెంచుకోవడం లీగల్ అయిందని చదివా. మీరు చెప్పే లైట్లు, టైమర్లు, ఆరబెట్టడం అన్నీ దానికీ వర్తిస్తాయంటున్నారు నా ఫ్రెండ్స్. నిద్ర పట్టడానికి పనికొస్తుందట. ఒకటి రెండు మొక్కలు పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎలా పెంచాలో చెప్తారా?

జవాబు: నిజాయితీగా అడిగారు కాబట్టి నేనూ అలాగే చెప్తా. పెంపకం మాత్రం ఈ శీర్షికలో చెప్పను, ఎందుకో వినండి.

ముందు చట్టం. లీగల్ అన్న ఒక్క మాట పట్టుకుని చాలామంది ఇరుక్కుంటున్నారు. ఉరుగ్వే 2013లో చట్టం చేసింది, రిజిస్టర్ చేసుకుని ఇంటికి 6 మొక్కలు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి ఇంటికి 4, మనిషికి కాదు ఇంటికి, అదీ అన్ని చోట్లా కాదు, క్విబెక్ ప్రావిన్స్ ఇంట్లో పెంచడమే నిషేధించింది, ఆ నిషేధం చెల్లుతుందని 2023లో కెనడా సుప్రీం కోర్టు చెప్పింది. మాల్టా 2021 చివర్లో 4కి ఒప్పుకుంది. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్ళకి మనిషికి 3. అమెరికాలో రాష్ట్రానికో రూలు, దేశం మొత్తానికి ఉన్న కేంద్ర చట్టం ఇంకో రకం. భారత్‌లో 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 20 కింద ఈ మొక్క పెంచితే 10 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒక్క మొక్కేగా అంటే ఒప్పుకోరు. సింగపూర్ లాంటి చోట్ల ఇంకా కఠినం. పెంచుకోవచ్చన్న దేశాల్లో కూడా అమ్మడం, దేశం దాటించడం, పిల్లలకి అందేలా ఉంచడం నేరమే, అద్దె ఇంటి అగ్రిమెంట్‌లో వద్దని రాసి ఉంటే అది వేరే తలనొప్పి. కాబట్టి మీరుండే చోట చట్టం ఏంటో అక్కడి ప్రభుత్వ సైట్‌లోనో, లాయర్ దగ్గరో తేల్చుకోండి. ఎవరికి తెలుస్తుంది అన్నారు, పూత దశలో ఆ వాసన తలుపు సందుల్లోంచి మెట్ల దాకా వెళ్తుంది, తెలియకుండా ఉండడం జరిగే పని కాదు.

ఇక నిద్ర సంగతి, నాకు అసలు బెంగ ఇక్కడే. ఆ మొక్క ఆకుల మీద, ముఖ్యంగా ఆడ పూల మీద సన్నటి జిగురు గ్రంథులుంటాయి, మత్తెక్కించే టీహెచ్‌సీ, మత్తెక్కించని సీబీడీ లాంటి పదార్థాలు అక్కడే తయారవుతాయి. మందుగా వాడేవి అంటే ఉదాహరణకి అరుదైన పిల్లల మూర్ఛ రోగాలకి 2018లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న సీబీడీ మందు, దానిలో ప్రతి మిల్లీలీటర్‌లో ఎంత ఉందో కొలిచి ఇస్తారు. ఇంట్లో మొక్కలో ఎంతుందో మీకు తెలీదు, ఒకే మొక్కలో పై పువ్వుకీ కింది పువ్వుకీ కూడా తేడా ఉంటుంది. రోజూ వాడితే అలవాటై, మానగానే నిద్ర ఇంకా చెడిపోయేవాళ్ళు ఉన్నారు. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్ళకి, ఇంట్లో ఎవరికైనా సైకోసిస్ (లేనివి ఉన్నట్టు కనిపించే, వినిపించే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళకి రిస్క్ ఎక్కువ, గర్భిణులు ముట్టుకోకూడదు. తినే పదార్థంలో కలిపితే ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఏమీ కాలేదనుకుని ఇంకొంచెం తినేస్తారు, ఇంట్లో చిన్నపిల్లలు తెలియక నోట్లో పెట్టుకుంటే ఆస్పత్రే. కుక్కలకి కూడా అది విషమే.

నిద్ర పట్టట్లేదంటే ఎన్నాళ్ళుగా పట్టట్లేదు, పడుకున్నాక పట్టట్లేదా, మధ్యలో మెలకువ వస్తోందా, ఇవన్నీ ఒక కాగితం మీద రెండు వారాలు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నిద్రలేమికి మాత్రలు లేకుండా, ఆలోచనలూ అలవాట్లూ మార్చి చేసే సీబీటీ అనే థెరపీ ఉంది, ముందు దాన్నే ప్రయత్నించమంటారు. దయచేసి వెళ్ళండి. ఇప్పటికే వాడుతూ మానలేకపోతున్నా సరే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, వాళ్ళు చూసేది మీ ఆరోగ్యం.

ప్రశ్న: బేసిల్ ఒకటే కాడ మీద పొడుగ్గా పెరిగింది, కోస్తే పాడవుతుందేమోనని భయంగా ఉండి కింద పెద్ద ఆకులు మాత్రం ఒక్కొక్కటే తుంచుకుంటున్నా. కరెక్టేనా?

జవాబు: భయపడే దాన్ని పాడుచేస్తున్నారండీ. కింద పెద్ద ఆకులే మొక్కకి వంటగది, అవి తీసేస్తే మొక్క బోసిగా అయిపోతుంది. కొయ్యాల్సింది పైన. కాడ మీద ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి కదా, ఆ జంట పుట్టే చోటు కణుపు. మూడో జంటో నాలుగో జంటో పట్టుకుని, ఆకుకీ కాడకీ మధ్య ఉన్న సందులోకి దగ్గరగా చూడండి, ఆవగింజంత పచ్చటి చిగురు కళ్ళు అటొకటి ఇటొకటి కనిపిస్తాయి. వాటికి పైన ఒక అర సెంటీమీటర్ వదిలి గోటితో తలకాయ తుంచెయ్యండి. పైచిగురు ఉన్నంతకాలం ఆక్సిన్ అనే హార్మోన్ కిందకి పంపి పక్క చిగుళ్ళని నిద్రపుచ్చి ఉంచుతుంది, అది పోగానే ఆ రెండు కళ్ళూ లేస్తాయి. వారం పదిరోజుల్లో ఒక కొమ్మ రెండవుతుంది, వాటి తలలు తుంచితే నాలుగు.

ఒక్కసారిలో మొక్కలో మూడో వంతుకి మించి కొయ్యకండి. పూమొగ్గ కనిపించగానే తుంచెయ్యండి, పూస్తే ఆకు చిన్నదయ్యి చేదు ఎక్కుతుంది. రోజ్‌మేరీ మాత్రం వేరు, దాన్ని పచ్చటి లేత భాగంలోనే కొయ్యాలి, ఆకుల్లేని ముదురు కట్టె దాకా నరికితే అక్కణ్ణుంచి మళ్ళీ చిగురించదు. కొయ్యడానికి మంచి టైమ్ లైట్ వెలిగిన గంటా రెండు గంటల లోపు, ఆకు నీళ్ళు తాగి గట్టిగా ఉంటుంది, వాసన నూనె కూడా బాగుంటుంది. ఆ నూనె ఆకు పైన సన్నటి గ్రంథుల్లో ఉంటుంది కాబట్టి కోసినవి గుప్పిట్లో నలపకండి, వెడల్పు పళ్ళెంలో వదులుగా వేసుకోండి.

ప్రశ్న: పుదీనా మూడు రోజులు ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే గలగలమంటోందని సీసాలో పోసి మూత పెట్టా. రెండు వారాల తర్వాత తీస్తే ముక్కవాసన, లోపల బూజు. బేసిల్ అయితే ఆరేలోపే నల్లబడింది. ఎక్కడ తప్పు?

జవాబు: ఈ బాధ నాకు బాగా తెలుసండీ, మొదటి ఏడాది నాది ఒక సీసా నిండా ఇలాగే పోయింది, నెలల తరబడి పెంచిన మొక్క. గలగలమన్నది ఆకు అంచు మాత్రమే. మధ్య ఈనెలో, కాడలో తడి ఇంకా ఉంది. సీసాలో మూత పెట్టాక ఆ తడి నెమ్మదిగా బయటకి వచ్చి ఆరిన ఆకుల్లోకి కూడా పాకుతుంది, మొత్తం మెత్తబడి బూజుకి ఇల్లు దొరుకుతుంది.

పచ్చి ఆకులో 80 శాతం పైన నీళ్ళే, 100 గ్రాములు కోస్తే ఎండాక 15, 20 గ్రాములు మిగులుతాయి. అదంతా మెల్లగా పోవాలి, కానీ మరీ మెల్లగా కాదు. వేడి ఎక్కువైతే వాసన నూనెలు ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది, తక్కువై గాలి ఆడకపోతే బూజు. ఆకులు ఆరబెట్టే డ్రయ్యర్ ఉంటే 35 నుంచి 40 డిగ్రీల మధ్య పెట్టండి. లేకపోతే ఎండ పడని, గాలి ఆడే చీకటి గదిలో, ఐదారు కొమ్మలకి మించకుండా చిన్న కట్టలు కట్టి తలకిందులుగా వేలాడదీయండి. పెద్ద కట్ట కడితే మధ్యలో కొమ్మలు కుళ్ళుతాయి, పైకి తెలీదు. ఎండలో పెట్టడం నేనొప్పుకోను, రంగూ పోతుంది వాసనా పోతుంది. ఫ్యాన్ నేరుగా కట్టల మీదకి కాకుండా గోడకేసి తిప్పండి, గదిలో గాలి కదిలితే చాలు.

అయిందా లేదా అన్నది ఆకుని కాదు, కాడని అడగాలి. లావుగా ఉన్న కాడ ఒకటి తీసుకుని వంచండి. వంగి మళ్ళీ వెనక్కి వస్తే ఇంకా తడి ఉంది, టప్పున విరిగితే అయింది. అప్పుడు కూడా సీసాని ముప్పావు వంతే నింపి మూత పెట్టి, మర్నాడు గాజు లోపలి వైపు చూడండి, కొంచెం ఆవిరి మసక కనిపించినా, ఆకులు నిన్నటికంటే మెత్తగా అనిపించినా మొత్తం బయటకి పోసి ఇంకో రోజు ఆరబెట్టండి. మొదటి వారం రోజూ ఒకసారి మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టండి. చిన్న తేమ మీటర్ సీసాలో వేస్తే ఇంకా ధైర్యం, 60 శాతం లోపు నిలబడితే ఫర్వాలేదు. బూజు కనిపించిన సీసా మొత్తం పారెయ్యాల్సిందేనండీ, పైన తీసేసి కింద వాడుకుందాం అనుకోకండి, బూజు దారాలు కంటికి కనపడకుండా లోపలికి వెళ్ళి ఉంటాయి.

బేసిల్ నల్లబడటం వేరే కథ. ఆకు నలిగినప్పుడు, చల్లబడి దెబ్బతిన్నప్పుడు లోపలి ఎంజైములు గాలి తగిలి ఆకుని నల్లగా చేస్తాయి, కోసిన ఆపిల్ ముక్క రంగు మారినట్టు. బేసిల్‌ని 10 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత ఆరబెట్టినా అంతే. తడి లేకుండా తుడిచి, నలపకుండా, ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే పొరగా పరిచి ఆరబెడితే రంగు చాలావరకు నిలుస్తుంది. నన్నడిగితే బేసిల్‌ని ఎండబెట్టడం కంటే నూరి, చిన్న ముద్దలుగా ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మేలు, పుదీనా, థైమ్, రోజ్‌మేరీలకి ఆరబెట్టడం బాగా నప్పుతుంది. ఏదైనా ఆకు మొత్తంగా దాచండి, వాడే ముందు మాత్రమే నలపండి.

ప్రశ్న: ఆకుల మీద పిన్నుతో గుచ్చినట్టు తెల్ల చుక్కలు, ఆకుల కింద సన్నటి సాలెగూడు లాంటిది. ఏంటది?

జవాబు: ఎర్రనల్లి. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి కొమ్మని తట్టండి, రాలిన ధూళిలో చుక్కలు నడుస్తూ కనిపిస్తాయి. గది వేడిగా, పొడిగా ఉంటే అవి వారంలో రెండింతలు మూడింతలు అవుతాయి. ఆ కుండీని ఈరోజే మిగతావాటికి దూరంగా జరిపి, సింక్‌లో పెట్టి ఆకుల అడుగువైపు గట్టిగా నీళ్ళు కొట్టి కడగండి, మూడు రోజులకోసారి ఇలా కనీసం నాలుగు సార్లు, ఎందుకంటే గుడ్లు ఒక్కసారికి పోవు. వేపనూనె కొట్టాలంటే లైట్ ఆరాక కొట్టండి, వెలుగుతుండగా కొడితే ఆకు మాడుతుంది, కోతకి దగ్గరగా ఉన్న మొక్క మీద అస్సలు వద్దు.